చనిపోయినవాళ్లు ఎక్కడున్నారు? మన్యంలో క్రైస్తవ నిరీక్షణ

ఏజెన్సీ పల్లెలో చావు జరిగితే ఊరంతా వస్తుంది. అంతవరకు ఎవరికీ తేడా లేదు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఒక ఇంటివాళ్లు పోయినవాణ్ని పెద్దల్లో కలపడానికి దినం ఎప్పుడు చెయ్యాలి, మేకా కోళ్లా, జీలుగు కల్లు ఎన్ని కుండలు కావాలి అని లెక్క వేసుకుంటారు. పక్క ఇంటివాళ్లు పాస్టర్‌గారికి ఫోన్ చేసి, పెట్టె చేయించి, తెల్లబట్టలు కట్టుకుని, కంజిర కొట్టి పాటలు పాడుకుంటూ సమాధి దగ్గరికి నడుస్తారు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలే కావచ్చు. ఇద్దరి ఏడుపూ ఒకటే. కానీ పోయినవాడు ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగితే మాత్రం జవాబులు వేరు.

అలాంటి పల్లెల మధ్య ఉన్న అడ్డతీగల అనగానే చరిత్ర చదివినవాళ్లకు 1922 అక్టోబరు 15న అల్లూరి సీతారామరాజు దళం పోలీసు స్టేషన్ మీద చేసిన దాడి గుర్తొస్తుంది. ఇక్కడివాళ్లకు సంత, అడ్డాకులు, చింతపండు, గిరిజన సహకార సంస్థ డిపో, మద్దిగెడ్డ జలాశయం గుర్తొస్తాయి. కొండరెడ్లు, కోయదొరలు, కొండ కమ్మర్లు, వాల్మీకులు కలిసి బతికే చోటు ఇది. రంపచోడవరం నుంచి రాజవొమ్మంగి దాకా రోడ్డు పట్టుకుని వెళితే రేకు కప్పు మందిరాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. వాటిలో ఆదివారం వినిపించే మాటల్లో సగం బతుకు గురించైతే, సగం చావు తర్వాతి సంగతి. ఆ సగం ఎక్కడినుంచి వచ్చింది, కొండకు ఏం ఇచ్చింది, ఏం తీసుకుపోయింది అన్నదే ఇక్కడి ప్రశ్న.

క్రైస్తవం కొండ ఎక్కేసరికి మైదానంలో దానికి చాలా ఏళ్లు నిండాయి. లండన్ మిషనరీలు విశాఖపట్నం చేరింది 1805లో. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బియర్ గోదావరి డెల్టాకు వచ్చింది 1836లో. లూథరన్లు రాజమండ్రిలో 1840ల నుంచి ఉన్నారు. కెనడా బాప్టిస్టులు కాకినాడలో 1874లో పని మొదలుపెట్టారు, అదీ థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు అప్పటికే వేసిన పునాది మీద. కొండజనం మీద మొదట మనసు పెట్టినవాళ్లలో గోదావరి ఎగువన పడవల కాలువల పనులు చూసిన ఇంజనీరు హేగ్ ఒకడు. 1860లలో అతని పూనికతోనే దుమ్ముగూడెంలో కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం వెలిసింది. తర్వాత అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి రాసిపెట్టాడు. మతం మార్చడానికి వచ్చినవాడే పాత మతానికి మొదటి లేఖకుడు కావడం మన్యంలో తరచూ జరిగింది.

కెయిన్ రాసినదాని ప్రకారం, కలిగిన ఇంట్లో కోయ మనిషి చనిపోతే ఆవునో ఎద్దునో కోసి, దాని తోక శవం చేతిలో పెట్టేవారు. పోయేవాడు ఉత్త చేతులతో పోకూడదు. ఈ ఒక్క ఆచారంలోనే పాత జవాబు చాలావరకు ఉంది. చనిపోయినవాడు ఎక్కడికో మాయమైపోలేదు, ఇంకో ఊరికి కాపురం వెళ్లాడు. అక్కడా పశువులు కావాలి, తిండి కావాలి, ఇక్కడివాళ్లతో రాకపోకలు ఉండాలి. మామిడి కొత్త, చిక్కుడు కొత్త పండగల్లో కొత్త పంట నోట్లో పెట్టుకునే ముందు దేవతలతోపాటు పెద్దలకూ పెడతారు. 1940లలో కొండరెడ్ల మధ్య తిరిగి పుస్తకం రాసిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చూసింది కూడా ఇలా పెద్దలతో తెగని సంబంధంలో నడిచే బతుకునే.

అరకు వైపు, ఒడిశా సరిహద్దు దాటి కొరాపుట్ దాకా ఉండే గదబలు ఇంకో అడుగు ముందుకు వేశారు. వాళ్ల గోతర్ పండగ రెండో అంత్యక్రియ. చనిపోయిన కొన్నేళ్లకు, ఊళ్లో పోయినవాళ్లందరికీ కలిపి చేస్తారు. చనిపోయినవాళ్లు గేదెల్లో ప్రవేశించారని నమ్మి, వాటికి తిండి పెట్టి, ఏడ్చి, పంపేస్తారు. రాళ్లు నిలబెడతారు. ఆ రాళ్ల దగ్గరే తర్వాత ఊరి పెద్దలు కూర్చుని పంచాయితీ చేస్తారు. అంటే చనిపోయినవాళ్ల ఎదుట కూర్చుని బతికున్నవాళ్లు తగువులు తీర్చుకుంటారు.

సీతంపేట, భామిని, పర్లాకిమిడి కొండల సవరలది ఇంకా వింతైన పద్ధతి. గిడుగు రామమూర్తి పంతులు సవరభాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి మన దృష్టికి తెచ్చిన జనం వీళ్లు. సవర ఊళ్లో పూనకం వచ్చిన స్త్రీ నోట చనిపోయినవాళ్లు మాట్లాడతారు. కుటుంబం చుట్టూ కూర్చుని వాళ్లతో దెబ్బలాడుతుంది, నవ్వుతుంది, ఏడుస్తుంది, అప్పులు అడుగుతుంది. నా నగలు ఎవరు తీసుకున్నారని తల్లి అడగొచ్చు, నీకు వైద్యం చేయించలేకపోయామని కొడుకు సంజాయిషీ చెప్పుకోవచ్చు. ఏళ్లతరబడి ఈ మాటలు సాగుతాయి. మొదట్లో బాధపెట్టే ఆత్మగా వచ్చినవాడు మెల్లగా చల్లబడి, పితరుడై, చివరకు తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇస్తాడు. 1970లలో అక్కడ బతికి, ఈ భాష నేర్చిన పియర్స్ విటెబ్స్కీ మొదటి పుస్తకం దీనిమీదే, 1993లో వచ్చింది. దుఃఖాన్ని మాటల్లో కరిగించే ఇంత పద్ధతైన ఏర్పాటు ఇంకోటి నేను చదవలేదు.

ఇలాంటి నేలమీదకి వచ్చిన క్రైస్తవ జవాబు ఏమిటి?

మందిరంలో మామూలుగా వినిపించేది చిన్నది, సులువైనది. ప్రభువును నమ్మినవాడు చనిపోగానే పరలోకం చేరతాడు. మనం కూడా పోయాక అక్కడ కలుస్తాం. అందుకే పెట్టె ముందు పాట పాడతారు. పురుషోత్తమ చౌదరి కాలం నుంచీ తెలుగు క్రైస్తవ కీర్తనలు ఈ సంతోషాన్నే పాడుతున్నాయి. మైదానంలో పుట్టిన ఆ పాటలు ఇప్పుడు అడ్డతీగల కొండల్లో ఏ పుస్తకం అక్కర్లేకుండా నోటికి వస్తున్నాయి.

బైబిలు చెప్పేది దీనికంటే పెద్దది, నిజానికి కొంచెం వేరైనది. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి ఉత్తరం నాలుగో అధ్యాయం చూడండి. అక్కడి కొత్త విశ్వాసుల భయం మన కొండల్లోని భయం లాంటిదే. క్రీస్తు మళ్లీ రాకముందే మావాళ్లు చనిపోయారు, మరి వాళ్ల గతేమిటని వాళ్లు అడిగారు. పౌలు ఏడవొద్దనలేదు. ఆశలేనివాళ్లలా ఏడవొద్దన్నాడు. ఎందుకంటే చనిపోయినవాళ్లు లేస్తారు. కొరింథీయుల మొదటి ఉత్తరం పదిహేనో అధ్యాయమంతా ఇదే వాదన. దేహంతో లేవడం. భూమి కూడా కొత్తది కావడం. ప్రకటన గ్రంథం చివర మనుషులు పైకి పోరు, దేవుడే కిందికి వచ్చి వాళ్ల మధ్య కాపురం ఉంటాడు. ఆత్మ శరీరం అనే పంజరం వదిలి ఎగిరిపోవడం గ్రీకు తత్వవేత్తల ఆలోచన. ఈ రెండూ ఒకటి కావని 1955లో హార్వర్డ్‌లో ఆస్కార్ కుల్‌మన్ ఒక ఉపన్యాసంలో గట్టిగా చెప్పి చాలామంది విశ్వాసులకు కోపం తెప్పించాడు. ఈ శతాబ్దంలో ఇంగ్లండు బిషప్ ఎన్.టి.రైట్ అదే మాటను వివరంగా రాశాడు. పరలోకం ఉంది, కానీ అది చివరి మజిలీ కాదని.

మరి చావుకూ పునరుత్థానానికీ మధ్య ఏమిటి? దీనిమీద సంఘాలు ఎప్పటినుంచో విడిపోయి ఉన్నాయి. కతోలికులకు ఉత్తరించు స్థలం ఉంది, అక్కడివాళ్ల కోసం ప్రార్థించవచ్చు. ప్రొటెస్టెంట్లు దాన్ని కొట్టేశారు. అడ్వెంటిస్టులు చనిపోయినవాళ్లు నిద్రలో ఉన్నారంటారు. లూకా సువార్తలో సిలువ మీది దొంగకు దొరికిన, నేడే నాతో పరదైసులో ఉంటావన్న హామీని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా చదువుకుంటారు. కొండలో పాస్టర్లు ఈ గొడవలోకి దిగరు. దిగకపోవడమే మంచిది కూడా.

ఈ నిరీక్షణ కొండజనానికి ఏం ఇచ్చింది? నా లెక్కలో మొదటిది పరలోకం కాదు, భయం తగ్గడం. ఒకప్పటి తూర్పుగోదావరి ఏజెన్సీలో చిల్లంగి, అంటే చేతబడి, అనే మాట ఎన్ని ప్రాణాలు తీసిందో పాత పోలీసు రికార్డులు చూసినవాళ్లకు తెలుసు. జ్వరంతో బిడ్డ పోతే ఎవరు చేశారన్నది మొదటి ప్రశ్న. పక్కింటి ముసలమ్మ మీద అనుమానం, పగ, కొట్లాట, ఒక్కోసారి హత్య. చావు వెనక పగవాడి చేయి లేదని, ఉన్నా అది గెలవదని నమ్మిన కుటుంబం రాత్రి నిద్రపోగలుగుతుంది. పక్కింటివాళ్లూ నిద్రపోగలుగుతారు. అయితే కొందరు ప్రసంగీకులు చిల్లంగిని తీసేసి, ఆ చోట దయ్యాలను కూర్చోబెడుతున్నారు. పేరు మారింది గానీ భయం అలాగే ఉంది. అక్కడ నిరీక్షణ అనే మాటకు అర్థం లేదు.

రెండోది ఖర్చు. దినానికి పశువు, సారా, ఊరందరికీ భోజనాలు అంటే ఏడాదిపాటు వడ్డీ కట్టే అప్పు. అది తప్పడం చాలా ఇళ్లకు నిజమైన ఊరట. కానీ గత పదిహేనేళ్లలో ఆ ఊరట మెల్లగా కరిగిపోతోంది. ఇప్పుడు ఆదరణ కూడిక ఉంది, జ్ఞాపకార్థ కూడిక ఉంది. పోయినవాడి ఫొటో, మహిమ ప్రవేశం అనే అక్షరాలు, పిలిచిన దైవజనుల వరుస ఫొటోలతో ఫ్లెక్సీ ఉంది. సౌండ్ సిస్టమ్ ఉంది. చివర్లో చికెన్ భోజనం ఉంది. మేక పోయి చికెన్ వచ్చిందంతే, అప్పు మాత్రం పోలేదు. ఒక కూడికలో ఫ్లెక్సీ మీద వచ్చిన పాస్టర్ల ఫొటోలు చనిపోయిన ముసలాయన ఫొటో కంటే పెద్దగా ఉన్నాయి. ఆయన ఎవరని అడిగితే చెప్పగలిగినవాళ్లు వెనక వరుసలో ఉన్నారు.

మూడోది మోసే భుజాలు. నాలుగో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జూలియన్ క్రైస్తవాన్ని అణచాలని చూసినవాడు. ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు, ఈ మతం పెరగడానికి కారణాల్లో ఒకటి వాళ్లు శవాలను సాగనంపే తీరని. మన్యంలోనూ ఇదే చూస్తాం. బంధువులు తక్కువైన ఇంట్లో, మొగుడు వదిలేసినామె ఇంట్లో చావు జరిగితే సంఘం అంతా కదులుతుంది. గొయ్యి తవ్వేది వాళ్లే, పెట్టె మోసేది వాళ్లే. ఆ మూడురోజులూ పొయ్యి వెలిగించేది కూడా వాళ్లే. పరలోకం ఉందో లేదో తెలియనివాడు కూడా ఈ సాక్ష్యాన్ని కాదనలేడు.

ఇప్పుడు పోయినదాని సంగతి.

విటెబ్స్కీ 2017లో రెండో పుస్తకం రాశాడు. అదే సవర ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి చూస్తే, ఒకప్పుడు పూనకాల్లో తాతలతో మాట్లాడిన కుటుంబాల పిల్లలు ఎక్కువమంది బాప్టిస్టులై ఉన్నారు. చదువుకున్నారు, అప్పులు తగ్గించుకున్నారు, అధికారుల ముందు నిలబడి మాట్లాడగలుగుతున్నారు. కానీ చనిపోయినవాళ్లతో మాట్లాడటం ఆగిపోయింది. యేసు దగ్గర ఉన్నారు, అంతే. ఇంక చెప్పేది లేదు, అడిగేది లేదు. కొందరు పెద్దవాళ్లలో కనిపించిన ఆ మౌనాన్ని విటెబ్స్కీ దాచకుండా రాశాడు. ఆయన మతం మారవద్దనేవాడు కాదు. ఆ మార్పు వెల ఎంతో లెక్కకట్టి చూపించాడు.

ఇది చదివాక క్రైస్తవుడు తల వంచుకోవాలా? నాకు అలా అనిపించదు. చనిపోయినవాళ్లతో ముచ్చటించే తంతును బైబిలు ఒప్పుకోదు, దానికి కారణాలూ ఉన్నాయి. సవర ఊళ్లలో చనిపోయినవాడు బిడ్డ జబ్బుకు కారణమై మళ్లీ బలి అడగడం కూడా ఉండేది. కానీ చనిపోయినవాణ్ని మరిచిపొమ్మని మాత్రం ఏ సువార్తా చెప్పలేదు. లాజరు సమాధి దగ్గర క్రీస్తు తానే ఏడ్చాడు. తొలి శతాబ్దాల సంఘం హతసాక్షుల వర్ధంతులను పుట్టినరోజులుగా జరుపుకుంది. స్ముర్నా బిషప్ పాలికార్ప్ మరణం తర్వాత అక్కడి విశ్వాసులు ఆ రోజున ఏటా అతని సమాధి దగ్గర కూడాలని నిర్ణయించుకున్నారు. కొండ సంఘాల్లో ఎక్కువగా కనిపించనిది ఈ పద్ధతే. పోయినవాడి పేరు భూస్థాపన రోజు వినిపిస్తుంది, తర్వాత ప్రార్థనలో ఎక్కడా వినిపించదు.

మైదానంలో దీనికి సమాధుల పండుగ ఉంది. నవంబరు 2న కతోలికులూ, వాళ్లతోపాటు చాలా ఊళ్లలో ప్రొటెస్టెంట్లూ సమాధులు కడిగి సున్నం వేసి, బంతిపూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈస్టరు తెల్లవారుజామున వెళ్లేవాళ్లు ఇంకొందరు. ఆ ఉదయం సమాధుల మధ్య నిలబడి పునరుత్థానం పాటలు పాడటం ఏ ప్రసంగం కంటే నేరుగా విషయం చెబుతుంది. విశ్వాసం వేరైనా మనసు ఒకటేనని కరీంనగర్‌లో చూడొచ్చు. అక్కడ కొన్ని దళిత కుటుంబాలు దీపావళికి శ్మశానానికే వెళ్లి, తమవాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెట్టి పండగ చేసుకుంటాయి. కొండ సంఘాలకు ఇలాంటి రోజు ఎందుకు లేదు? విగ్రహారాధన అనిపిస్తుందేమోనన్న భయం వల్ల అని నా అనుమానం. ఆ భయం అక్కర్లేదు.

గుర్రం జాషువా క్రైస్తవ ఇంట పుట్టినవాడు. క్రీస్తు చరిత్ర రాసి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందాడు. కానీ తెలుగుజనం ఆయన నుంచి నోటికి తెచ్చుకున్నవి ఆ కావ్యంలోవి కావు, శ్మశానవాటి పద్యాలు. హరిశ్చంద్ర నాటకంలో కాటికాపరి వేషధారి వాటిని ఎత్తుకుంటే రాత్రంతా కూర్చున్న జనం ఒక్కసారిగా కదిలేవారు. అక్కడ పరలోకం లేదు, రాజూ పేదా ఒకే మట్టిలో పడటం ఉంది. తెలుగువాడికి చావు ముందు కావలసింది ఆశ ఒక్కటే కాదు, న్యాయం కూడా.

ఇక్కడే నాస్తికుల ప్రశ్న ఎదురవుతుంది. మార్క్స్ సంగతి అందరికీ తెలిసిందే. మనకు గోరా ఉన్నారు, 1940లో నాస్తిక కేంద్రం స్థాపించారు. ఆ దారిలో నడిచినవాళ్లు అడిగేది సూటిగా ఉంటుంది. పరలోకం చూపించి ఇక్కడి ఆకలిని మరిపిస్తున్నారు కదా? అడ్డతీగల పక్కనే ఉన్న వై.రామవరం మండలం చాపరాయిలో 2017లో కొద్దిరోజుల తేడాలో 16 మంది గిరిజనులు చనిపోయారు. రోడ్డు లేదు, వైద్యం సమయానికి అందలేదు. నిండు చూలాలిని డోలీలో మోసుకురావడం ఇప్పటికీ వార్తే. అలాంటిచోట దేవుడు పిలుచుకున్నాడు అనడం తప్పు మాట. పిలిచింది దేవుడు కాదు, రాని అంబులెన్సు.

దీనికి క్రైస్తవంలోనే జవాబు ఉంది. జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ పదిహేడేళ్ల వయసులో 1943 హాంబర్గ్ బాంబుదాడిలో పక్కనున్న స్నేహితుడు చనిపోవడం చూశాడు. తర్వాత యుద్ధఖైదీ అయ్యాడు. 1964లో నిరీక్షణ మీద ఆయన రాసిన పుస్తకం సారం ఇది. పునరుత్థానాన్ని నమ్మినవాడు ఉన్నదానితో సరిపెట్టుకోడు, మరణం వైపు నిలిచిన ప్రతిదానితో గొడవ పడతాడు. ఏజెన్సీలో ఈ మాటను ఆచరించినవాళ్లు లేకపోలేదు. మిషన్ ఆసుపత్రులు, నర్సులు, హాస్టళ్లు ఆ ఆలోచనలోంచే వచ్చాయి. ఆదివారం ప్రసంగంలో మాత్రం ఇది తక్కువగా వినిపిస్తుంది.

తక్కువగా వినిపించడానికి ఒక కారణం ఉంది. తెలుగు సంఘాల్లో బలంగా నాటుకున్నది రెండో రాకడ, విశ్వాసులు ఎత్తబడటం అనే బోధ. పందొమ్మిదో శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ దానికి ఈ రూపం ఇచ్చాడు. ఆయన బ్రదరెన్ వర్గంవాడు. గోదావరికి 1836లో వచ్చిన బౌడెన్, బియర్‌లదీ ఆ వర్గమే. ఈ బోధలో భూమి కాలిపోయేది, మనం తప్పించుకునేది. కాలిపోయేదాని మీద ఎవరు శ్రద్ధ పెడతారు? మైదానంలో ఇది వాదనగా మిగిలిపోవచ్చు. మన్యంలో భూమే బతుకు. పోడు, అడవి, పెద్దల సమాధులున్న గట్టు, దేవతల చెట్టు అన్నీ ఒకే నేల. అడ్డతీగల ఉన్న రంపచోడవరం డివిజన్‌లోనే దేవీపట్నం మండలంలో పోలవరం వెనుకజలాలు ఊళ్లను, వాటితోపాటు సమాధులను కూడా ముంచాయి. ఆ ప్రాజెక్టు కింద కదలాల్సిన కుటుంబాలు లక్షకు అటూ ఇటూ. పునరావాస కాలనీలో సిమెంటు ఇల్లు వచ్చింది. తాత పడుకున్న చోటు నీళ్లకింద ఉంది. అలాంటి కొండరెడ్డి క్రైస్తవుడికి భూమి పోతే పోనీ పైన ఇల్లు ఉందని చెప్పడం ఆదరణా? పౌలు రోమీయులకు రాసిన ఉత్తరం ఎనిమిదో అధ్యాయంలో సృష్టి అంతా మూలుగుతూ విడుదల కోసం ఎదురుచూస్తోందన్నాడు. భూమి కూడా ఆ నిరీక్షణలో భాగమే. కొండమనిషి పాత జ్ఞానానికి దగ్గరగా ఉన్న బైబిలు బోధ ఇది. మందిరాల్లో అరుదుగా వినిపించేదీ ఇదే.

చివరిగా, ఏ వేదాంతమైనా ఆరడుగుల నేల దగ్గర తేలాలి. 2025 జనవరిలో బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామంలో ఒక పాస్టర్ చనిపోతే ఊరి శ్మశానంలో పూడ్చనివ్వలేదు. కొడుకు హైకోర్టుకూ, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లాడు. దేహం ఇరవై రోజులు శవాగారంలో ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు రాశారు. ఒకరు సొంత పొలంలో పూడ్చనివ్వమన్నారు, మరొకరు ఒప్పుకోలేదు. చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానానికి పంపమన్నారు. బస్తర్ మనకు దూరం కాదు. చింతూరు దాటితే సరిహద్దే. మన ఏజెన్సీలో గిరిజనుడు ఏ మతంలో ఉన్నా షెడ్యూల్డ్ తెగవాడే, చట్టం అక్కడ మతం అడగదు. శ్మశానం మాత్రం అడగడం మొదలుపెడితే అన్నదమ్ముల పిల్లలే ఒకరికొకరు అడ్డం నిలబడతారు. ఇందులో తప్పు ఒకవైపే ఉండదు. పెద్దల పండగకు చందా ఇవ్వను, ఆ అన్నం ముట్టను అని కొత్త విశ్వాసి ముఖం తిప్పుకున్న రోజునే చీలిక మొదలవుతుంది.

అందుకే మనవి రెండు వైపులకూ. సంఘకాపరులారా, కొరింథీయుల పదిహేనో అధ్యాయం చావు ఇంట్లోనే కాదు, మామూలు ఆదివారం కూడా మొత్తం చదివి వినిపించండి. ఏడాదికి ఒకరోజు సమాధుల దగ్గర కూడి, పోయినవాళ్ల పేర్లు పేరుపేరునా చదవండి. ఆ రోజు పాత పద్ధతిలో ఉన్న బంధువులనూ పిలవండి. ఊరి పెద్దలారా, ఏజెన్సీలో గ్రామసభకు పీసా చట్టం ఇచ్చిన అధికారం ఉంది. గొడవ రాకముందే, చావు లేని మంచిరోజు చూసి, ఊళ్లో పుట్టినవాడెవడైనా ఊళ్లోనే పడుకునేలా ఉమ్మడి శ్మశానానికి హద్దులు వేసి తీర్మానం రాసుకోండి.